తడిగుడ్డ

వరదప్ప అయ్యోరికి ఒక అలవాటు. ఎవరేమడిగినా నోటితో జవాబు చెప్పేవారు కాదు, అడిగినవాళ్ల చేతికి ఒక పని అంటగట్టేవారు. ఒకసారి పట్నం నుంచి ఒక పెద్దమనిషి కారు దిగి వచ్చి, కళ అంటే తమ ఉద్దేశం ఏమిటని అడిగాడట. అయ్యోరు ఆయన చేతికి ఎనుము పలుపు ఇచ్చి, "కాస్త పట్టుకోండి సామీ, పాలు పిండుకోవాల" అన్నారట. ఆ పెద్దమనిషి ఇస్త్రీ చొక్కాతో అరగంట నిలబడి, రెండు తోకదెబ్బలు తిని, దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. ఆయనకేం బోధపడిందో మనకు తెలియదు. అయ్యోరిని అడిగితే, "ఆ పూట ఎనుము మాత్రం బాగా చేపింది" అనేవారు.

ఆ పాలలో కాఫీకి పోయేది ఒక గ్లాసే. తక్కినదంతా గుడ్డకు. స్వర్ణముఖి ఒడ్డున ఆ వీధివాళ్ల బతుకంతా కలంకారీ. చిక్కటి ఎనుము పాలలో కరక్కాయ పొడి కలిపి, నూలుగుడ్డను అందులో ముంచి ఎండబెడతారు. కరక్కాయేమో గీసే నలుపును పట్టుకుంటుంది, పాలు ఆ నలుపును పాకనివ్వవు. పాలు పట్టని గుడ్డ మీద గీత గీస్తే ఏడ్చినదాని కాటుకలాగా చెదిరిపోతుంది. ఇక కలమంటారా, వెదురుపుల్లకు ఉన్ని చుట్టి దారం కట్టిందే కలం. ఉన్నిని వేళ్లతో నొక్కితే రంగు దిగుతుంది. ఒక్క పిసరు ఎక్కువ నొక్కామా, చుక్క టపుక్కున రాలుతుంది. అందుకే ప్రతి ఇంట్లోనూ పని చేసే పీట పక్కన ఒక నిమ్మచెక్క ఉంటుంది. చుక్క రాలిన వెంటనే నిమ్మరసం పిండితే నలుపు విరిగిపోతుంది. ఆరిపోయాక పిండితే బ్రహ్మదేవుడు దిగివచ్చినా పోదు. చుక్క లేనిచోట పిండితే అదింకో తంటా, కరక్కాయ పసుపు కూడా ఎగిరిపోయి తెల్లమచ్చ మిగులుతుంది. అంటే నిమ్మకాయ పిండేవాళ్లకు కళ్లుండాలి. ఈ కథకు అంతమాత్రం తెలిస్తే చాలు.

కుప్పమ్మ ఆయన దగ్గర ఇరవైరెండేళ్ల కింద కలం పట్టింది. ఇప్పుడామెకు నలభైనాలుగు. అందులో పద్నాలుగేళ్లు చక్కెర జబ్బుతో కాపురం. పొద్దున ఒక సూది, సాయంకాలం ఒక సూది, వేళకు తిండి, తినకపోతే చెమటలు, తింటే భయం. ఆ నలుపు రంగేమో ఇనుప ముక్కలూ బెల్లమూ కుండలో మూడు వారాలు నానబెడితే గానీ తయారుకాదు. "దేవుడు నాకు బెల్లాన్ని చేతికి రాసినాడు గానీ నోటికి రాయలేదు" అని నవ్వుతూ దిమ్మలు దిమ్మలు కుండలో వేసేది. జబ్బును ఎకసెక్కం చేస్తే అది సిగ్గుపడి ఒక మూలన కూర్చుంటుందని ఆమె లెక్క. అలా పదమూడేళ్లు కూర్చుంది కూడా.

పోయిన ఆడికృత్తిక పండగ నాడు ఎడమకంటికి అడ్డంగా ఒక నల్లటి పోగు వచ్చింది. వెంట్రుకేమో అనుకుని చేత్తో తోసుకుంది. పోలేదు. మూడునాళ్లకు అది తెగి చుక్కలు చుక్కలయింది, తర్వాత కుడికంట్లోకీ వచ్చింది. తిరుపతిలో కంటి డాక్టరమ్మ చూసి, కంటి వెనక పొరలో నెత్తురు ఊరుతోందనీ, చక్కెర చేసే పనే ఇదనీ చెప్పింది. వెలుగు పెట్టి కాల్చింది, కంట్లోకే సూదులు వేసింది. "పోయినదాన్ని నేను తెచ్చివ్వలేనమ్మా, ఉన్నదాన్ని నిలబెట్టేదానికి చూస్తా" అంది. మంచి మనిషే, అబద్ధం చెప్పలేదు. కుప్పమ్మకే ఆ పూట ఒక అబద్ధం చెప్పించుకుంటే బాగుండుననిపించింది. అప్పటి నుంచి పొద్దున లేస్తూనే సున్నం కొట్టిన గోడకేసి చూడటం, ఒక కన్ను మూసి ఒకసారి, రెండో కన్ను మూసి ఒకసారి, నిన్నటికన్నా చుక్కలు పెరిగాయేమోనని వెతుక్కోవడం ఆమెకు పని అయిపోయింది. గోడ తెల్లగా ఉన్నంతకాలం ఆ వెతుకులాటకు అంతేముంది.

అప్పుడు జరిగింది ఆ తప్పు. ఎవరింటికో పూజగదిలో కట్టుకునే లక్ష్మీదేవి పటం గీస్తోంది. పదిగంటల వేళ అమ్మవారి బుగ్గ మీద ఒక నల్లచుక్క కనిపించింది. కంట్లోదే అనుకుంది. అప్పటికే కంట్లో అలాంటివి పది తేలుతున్నాయి, ఇది పదకొండోది. వాటిని పట్టించుకోకుండా పని చేసుకోవడం అప్పుడప్పుడే అలవాటు చేసుకుంటోంది పాపం. సాయంకాలం ఆటో నిలిపి లోపలికి వచ్చిన మొగుడు దొరస్వామి గుడ్డకేసి చూసి, "ఏందిమే, అమ్మోరికి దిష్టిచుక్క పెట్టినావా?" అన్నాడు. అతను పరాచకానికే అన్నాడు. కుప్పమ్మ నిమ్మచెక్క అందుకుని బుగ్గంతా తడిసేలా పిండింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. చుక్క చుక్కలాగే ఉండి, చుట్టూ బుగ్గ మాత్రం తెల్లబడింది. దొరస్వామి వెళ్లి కాళ్లు కడుక్కున్నాడు. ఆ పటాన్ని ఆమె మడిచి పెట్టె అడుగున పెట్టింది.

ఆనాటి నుంచి కుప్పమ్మకు నలుపంటే భయం పట్టుకుంది. నలుపుతో అన్నం తినే మనిషికి నలుపంటే భయం పడితే ఇంకేముంది? కంటికి ఏ చుక్క ఆనినా అది గుడ్డ మీదిదేమోనని గుండె దడదడలాడేది. నిమ్మకాయ పిండుదామంటే లేని చుక్క మీద పిండి తెల్లమచ్చ చేస్తానేమోనని ఇంకో భయం. అందుకని ఒక మధ్యేమార్గం కనిపెట్టింది. ఒళ్లో ఒక తడిగుడ్డ పెట్టుకుని కూర్చునేది. నలుపు కనిపించిన ప్రతిచోటా దాంతో సుతారంగా తుడిచేది. నిజం చుక్కయితే తడికి కొంతైనా లేస్తుంది, కాకపోతే నష్టం లేదు. నీళ్లే గదా, నీళ్లేం చేస్తాయి అని తనకు తానే చెప్పుకునేది.

ఇంతలో ఒక ధర్మరాజుల గుడివాళ్లు వచ్చారు. వాళ్ల ఊళ్లో ఏటా భారతం ఆడిస్తారు, అర్జునుడి వేషగాడు శివుణ్ణి మెప్పించడానికి తపస్సు మాను అనే నిలువు దుంగ ఎక్కుతాడు. ఆ ఘట్టాన్ని ఎనిమిది మూరల గుడ్డ మీద గీయించి తిరునాళ్లకు గుడిలో కట్టాలని వాళ్ల కోరిక. వరదప్ప అయ్యోరి పేరు విని వస్తే, అయ్యోరు వాళ్లకు కుప్పమ్మ ఇల్లు చూపించారు. ఆమె కాదనలేకపోయింది. కాదంటే వీధికి తెలిసిపోతుంది, కుప్పమ్మకు కళ్లు పోయినాయంట అని కుళాయి దగ్గర చెప్పుకుంటారు, ఆ తర్వాత ఇంక ఎవరూ గుడ్డ తీసుకుని ఆ గడప తొక్కరు. ఒప్పుకున్న రోజు ఆమెకు ముద్ద దిగలేదు.

సగం గుడ్డ బాగానే సాగింది. తర్వాత గీతలు చెదరడం మొదలుపెట్టాయి. ముందు మాను గీత ఒకచోట ఉబ్బింది. తర్వాత అర్జునుడి కాలివేళ్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. తనకే అలా కనిపిస్తోందేమోనని దొరస్వామిని పిలిచి చూపించింది. అతను వంగి చూసి, "కొంచెం మసక మసగ్గానే ఉండాదిమే" అన్నాడు నసుగుతూ. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది. కుప్పమ్మ తీర్పు చెప్పేసుకుంది. చూపు ఆనక చెయ్యి ఎక్కువ నొక్కుతోంది, ఇరవైరెండేళ్ల చెయ్యి కళ్ల వెంటే పోతోంది. మర్నాడు పొద్దున సూది వేసుకుని, రెండు ఇడ్లీలు తిని, గుడ్డ మడిచి చంకలో పెట్టుకుని, కలం కొంగున ముడివేసుకుని, అలవాటు కొద్దీ తడిగుడ్డను అరిటాకులో చుట్టుకుని, అయ్యోరి ఇంటికి బయలుదేరింది. దారిలో ఎవరు పలకరించినా ఆగలేదు.

అయ్యోరు వాకిట్లో కూర్చుని కరక్కాయలు దంచుతున్నారు. తలెత్తి, "సూది వేసుకున్నావా? తిన్నావా?" అన్నారు. ఆమె తలూపింది.

"అయ్యోరా, ఒక మాట అడగాల. నాకు పని పెట్టద్దు, నోటితో చెప్పండి. కంట్లో మచ్చ ఏదో, గుడ్డ మీద మచ్చ ఏదో తెలియని మనిషి కలం పట్టచ్చునా, పట్టకూడదా? పట్టకూడదంటే ఈ కలం ఈడనే పెట్టిపోతా. గుడ్డ ఇంకెవరికైనా ఇయ్యండి." ఇంటి నుంచి వల్లె వేసుకుంటూ వచ్చిన మాటలే. చివరి మాటతోబాటు చెయ్యి కొంగు ముడి మీదికి పోయింది.

అయ్యోరు రోకలి పక్కన పెట్టారు. ఆయన చేతులు దులుపుకుని, "గుడ్డ పరువు" అన్నారు.

ఆమెకు ఏడుపొచ్చినంత పనయింది. బతుకు సంగతి అడిగితే గుడ్డ పరవమంటాడు ఈ ముసలాయన. అయినా పరిచింది. నులకమంచం మీద, ఎండలో, ఎనిమిది మూరలూ పట్టక ఒక కొస నేల మీదికి వేలాడింది. అయ్యోరు ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచారు. చెదిరిన కాలివేళ్ల దగ్గర ఆగి, వంగి, చాలాసేపు చూశారు. కుప్పమ్మ గుడ్డను చూడలేదు, ఆయన ముఖాన్నే చూస్తోంది. ముఖంలో ఏమీ తెలియలేదు. ఆయన లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి ఆమె చేతికిచ్చారు.

"చల్లు."

"పని జరుగుతా ఉండే గుడ్డ మీదా?"

"నీళ్లే గదా మే. నీళ్లేం చేస్తాయి?"

ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు, తన లోపలే అనుకుంది. వేళ్లు ముంచి కల్లాపి చల్లినట్టు చల్లింది. పాలు పట్టిన గుడ్డ గదా, నీళ్లు వెంటనే ఇంకలేదు. చేమాకు మీద వానచినుకుల్లాగా గుండ్రంగా నిలబడ్డాయి. అయ్యోరు మంచం పట్టె మీద ఒక్కటి చరిచారు. చినుకులు జారి కొసల నుంచి కారిపోయాయి.

"ఏడేడ తాగిందో చెప్పు" అన్నారు.

"నాకేడ కనిపిస్తాది అయ్యోరా?"

"కనిపించమని ఎవరన్నారు? చెయ్యి పెట్టు."

కుప్పమ్మ అరచెయ్యి పెట్టి మెల్లగా తడుముకుంటూ పోయింది. పొడి, పొడి, పొడి. మాను దగ్గర తడి. రూపాయి బిళ్లంత మేర గుడ్డ మెత్తగా, వదులుగా, పాతచీర కొంగులాగా ఉంది. చుట్టూ ఉన్న గుడ్డలో మాత్రం పాల బిరుసు అలాగే ఉంది. కాలివేళ్ల దగ్గర ఇంకో తడి. ద్రౌపదమ్మ కొప్పు పక్కన ఒకటి. ఆకాశంలో, ఏమీ గీయని చోట కూడా రెండు. ప్రతిచోటా ఆమె వేళ్లు తెలిసిన ఇంటికి వెళ్లినట్టు వెళ్లి ఆగాయి. గీత చెదిరిన ప్రతిచోటా తడి ఉంది.

"ఈడ ఏముండింది?" అయ్యోరు కాలివేళ్ల దగ్గర అడిగారు.

"మచ్చ ఉండింది. తుడిచినా."

"పోయిందా?"

కుప్పమ్మ గుర్తు చేసుకుంది. ఆ రోజు సాయంకాలం, ఒళ్లో గుడ్డ, ఆరు ఏడు సార్లు తుడవడం. "పోలే" అంది. "నేను సూదికని లేస్తే..." అని ఆగింది. తర్వాత చాలా చిన్నగా చెప్పింది. "నేను లేస్తే, నాతోబాటు లేచింది."

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఆ దొంగను కుప్పమ్మ నెలరోజులు ఒళ్లో పెట్టుకుని సాకింది. పాలు కడిగేసింది ఆమె కళ్లు కాదు, ఆమె జాగ్రత్త. చెయ్యి ఎక్కువ నొక్కలేదు. గీత బాగానే గీసింది, గుడ్డే దాన్ని నిలుపుకోలేకపోయింది. ఇది అర్థమైనప్పుడు ముందు ఆమెకు ఒళ్లు మండింది, ఇంత తెలివితక్కువ దాన్నా అని. ఆ వెనకనే ఒక ఆశ, సందు దొరికిన ఎలుకలాగా లోపలికి దూరింది.

"అయితే నా కండ్లు బాగానే ఉండాయా అయ్యోరా?"

ఆయన అవునంటే ఆమె నమ్మేసేది. ఆ వాకిట్లో ఆ నిమిషాన నమ్మడానికి ఆమె అంత సిద్ధంగా ఉంది. అయ్యోరు ఆమె ముఖంలోకి సూటిగా చూశారు.

"లేవు" అన్నారు. "ఇంకా పోతాయేమో గూడా. తిరుపతి సూదులు మానద్దు."

కుప్పమ్మ మంచం పట్టె పట్టుకుని కూర్చుండిపోయింది. మరి నీళ్లు చల్లించింది దేనికి, చెయ్యి పెట్టించింది దేనికి, అనుకుంది. అడగలేదు. అడిగితే ఇంకో పని పెడతాడు.

అడక్కపోయినా పెట్టారు. ఎనుము పాలలో కరక్కాయ పొడి కలిపి గిన్నె ఆమె ముందు పెట్టారు. పాలు పోయిన చోట్లన్నీ వేలితో వెతుక్కుని, ఒక్కొక్కచోట తిరిగి పాలు పట్టించింది. చెదిరిన గీతలు చెదిరినట్టే ఉంటాయి, వాటినేం చెయ్యలేం. ఇక ముందు గీసేవి చెదరకుండా ఉంటాయి, అంతే. గుడ్డ ఎండేలోగా ఇద్దరూ రాగిసంగటి తిన్నారు, ఆమె ఒక చిన్న ముద్ద, ఆయన రెండు. తింటున్నంతసేపూ ఆమె కళ్లు వాకిట్లోని గుడ్డ మీదే ఉన్నాయి, ఆ గుడ్డ మీద ఆమె కంటి చుక్కలు ఈగల్లాగా వాలుతూ లేస్తూ ఉన్నాయి. ప్రతిసారీ ఎంగిలి అని కూడా చూడకుండా చెయ్యి తుడవడానికి కదలబోయింది.

మధ్యాహ్నం నీడకు పీట వేసి, అయ్యోరు "గియ్యి" అన్నారు. శివుడి వైపు ఎత్తిన అర్జునుడి చెయ్యి మిగిలి ఉంది, భుజం నుంచి వేళ్ల దాకా ఒకే గీత. ఎక్కడా ఆపకూడదు. కుప్పమ్మ కొంగు ముడి విప్పి కలం తీసింది. రంగు ముంచింది. అలవాటుగా ఎడమచెయ్యి ఒళ్లో వెతికింది. పక్కన వెతికింది.

"తడిగుడ్డ ఏది అయ్యోరా? ఆకులో చుట్టి తెచ్చినానే."

అయ్యోరు ఎటో చూస్తున్నారు. చూడగా చూడగా తెలిసింది, డెబ్బయ్యెనిమిదేళ్ల పెద్దమనిషి దాన్ని మడతపెట్టి దాని మీద కూర్చున్నారు. తడి పంచెకు అంటుకుంటున్నా కదల్లేదు. పీట పక్కన మాత్రం నిమ్మకాయ కోసి ఒక చెక్క పెట్టి ఉంది.

ఆమె గీయడం మొదలుపెట్టింది. భుజం వంపు తిరగ్గానే అర్జునుడి గడ్డం కింద నల్లగా ఒకటి తేలింది. ఎడమచెయ్యి గాల్లోకి లేచింది. చేతిలో ఏమీ లేదు. ఏం చెయ్యాలో తెలియక, పారిపోదామన్నట్టు తల కుడివైపుకు తిప్పింది. అదీ వచ్చింది. ఎడమకు తిప్పింది. కుక్కపిల్లలాగా వెంటే వచ్చింది. వస్తే రానీ అని గీత సాగించింది. మోచెయ్యి దగ్గర ఒక పోగు అడ్డం పడింది. తల తిప్పింది, అదీ తోడొచ్చింది. గుండె కొట్టుకుంటూనే ఉంది, చెమట పడుతూనే ఉంది, గీత మాత్రం మణికట్టు దాటింది. చూపుడువేలు కొస తిప్పి, ఊపిరి వదిలి, కలం ఎత్తింది.

ఎత్తాక చూస్తే, అర్జునుడి అరచేతి కింద, ఆకాశంలో, ఒక చుక్క. కుప్పమ్మ తల కుడికి తిప్పింది. చుక్క రాలేదు. ఎడమకు తిప్పింది. రాలేదు. రెండు కళ్లూ ఒకదాని తర్వాత ఒకటి మూసి చూసింది. అది ఉన్నచోటే ఉంది. లక్ష్మీదేవి బుగ్గ గుర్తొచ్చింది, తిరునాళ్లు గుర్తొచ్చాయి, కుళాయి దగ్గరి ఆడవాళ్లు గుర్తొచ్చారు.

"అయ్యోరా," అంది. "ఇది నాతో రాలే. ఈడనే ఉండిపోయింది. ఇది చుక్కే అయ్యోరా, నిజం చుక్కే. నాకు తెలుస్తాండాది."

అయ్యోరు కూర్చున్నచోటు నుంచి లేవలేదు. చెయ్యి చాచి నిమ్మచెక్కను ఆమె వైపు జరిపారు.

"ఏది ఏదో తెలీదంటివే పొద్దున" అన్నారు. "పిండు మే, ఆరిపోతాది."